తేదీకో అధ్యాయం, మధ్యలో ఒక చీటీ జామీను: నా అనుభవం

బైబిల్లోని సామెతల గ్రంథం రోజూ చదివితే నిర్ణయాలు తీసుకోవడం తేలికవుతుందని మా సంఘంలో చాలామంది సాక్ష్యం చెప్పగా విన్నాను. నాకు తేలిక కాలేదు. ఆలస్యం అయింది. ఆ ఆలస్యం వల్ల ఇంట్లో కొన్ని నెలలు మాటలు కూడా ఆగిపోయాయి. అయినా చదువు మానలేదు. ఈ పద్ధతిలో చదవాలనుకునేవాళ్ళు నన్ను అడుగుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

మాది మెట్టుగూడ. నేను నాంపల్లి వైపు ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, బాబు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పుట్టినప్పటి నుంచి చర్చిలో పెరిగినదాన్నే కాబట్టి వాక్యం కొత్త కాదు. కానీ ప్రతి జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెట్టి లేవీయకాండం దగ్గరికి వచ్చేసరికి చతికిలబడే బాపతు నేను.

2024 జూన్ చివర్లో స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు ఒక పద్ధతి చెప్పారు. సామెతలు 31 అధ్యాయాలు. ఇవాళ ఏ తేదీ అయితే ఆ అధ్యాయం చదవడమే. ఒకరోజు తప్పిపోతే వెనక్కి వెళ్ళి పూర్తి చేయక్కర్లేదు, తప్పిపోయింది వచ్చే నెల అదే తేదీకి మళ్ళీ వస్తుంది. బాకీ పేరుకుపోయే భయం లేదు. నాలాంటిదానికి ఇదే కావాలి అనిపించింది. చివర్లో ఆవిడ యాకోబు పత్రిక మొదటి అధ్యాయం ఐదో వచనం చదివించారు: "మీలో ఎవనికైనను జ్ఞానము కొదువగా ఉన్నయెడల అతడు దేవుని అడుగవలెను." అడగడం వరకు అందరం అడుగుతూనే ఉంటాం. అడిగాక ఏం జరుగుతుందో చూద్దామని జూలై ఒకటిన మొదలుపెట్టాను.

ముందు అయిన ఖర్చు చెప్తాను. మా పెళ్ళికి ఇచ్చిన బైబిలు అక్షరాలు నా కళ్ళకి ఇప్పుడు ఆనడం లేదు. సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌కి వెళ్ళి పెద్ద అక్షరాల బైబిలు తెచ్చుకున్నాను, ఆరు వందల లోపే అయింది. ఇంటికొచ్చి తెరిస్తే అదీ మసకే. అప్పుడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే దగ్గరి చూపు అద్దాలు రాశారు, ఫ్రేముతో కలిపి పదిహేడు వందలు. "జ్ఞానానికంటే చూపుకే ఎక్కువైందే" అని మా ఆయన నవ్వారు.

ఎక్కడ చదవాలన్నది రెండో సమస్య. మెట్రోలో చదువుదామనుకున్నాను. మెట్టుగూడలో ఎక్కితే ప్యారడైజ్ వచ్చేలోపు ఒక అధ్యాయం అయిపోతుంది, అంత చిన్నవి. కానీ లేడీస్ కోచ్‌లో నిలబడి అంత లావు పుస్తకం తెరవలేం. ఫోన్‌లో చదివితే మధ్యలో ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, కరెంటు బిల్లు మెసేజ్. అమీర్‌పేటలో దిగి రైలు మారేసరికి ఏం చదివానో గుర్తుండేది కాదు. చివరికి తెల్లవారుజామున ఇంట్లోనే కుదిరింది. మా వీధికి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. నల్లా ఉన్న రోజు ఎలాగూ ముందే లేవాలి కాబట్టి, సంపు నిండేదాకా మెట్ల మీద కూర్చుని చదివేదాన్ని. నల్లా లేని రోజు లేవబుద్ధి కాదు. మొదటి నెలలో నేను చదివినవి ఎక్కువగా నల్లా తేదీల అధ్యాయాలే.

మొదటి తొమ్మిది అధ్యాయాలు హాయిగా సాగుతాయి. తండ్రి కొడుకుని కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పది నుంచి కథ మారుతుంది. ఏ వచనానికి ఆ వచనమే, పై దానికీ కింది దానికీ సంబంధం ఉండదు. సోమరి, తప్పుడు త్రాసు, నాలుక, వాన, రాజు, మళ్ళీ సోమరి. ముప్ఫై వచనాలు చదివి పుస్తకం మూస్తే ఒక్కటీ మిగలదు. పాస్టరమ్మగారికి చెబితే, "అన్నీ పట్టుకోకమ్మా, ఒక్కటి ఎంచుకుని రాసుకో, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మళ్ళీ దాన్నే చూడు" అన్నారు. పాత ఆఫీసు డైరీ ఒకటి ఖాళీగా ఉంటే దాంట్లో రాయడం మొదలుపెట్టాను. ఈ పద్ధతి మొత్తంలో నాకు నిజంగా పనికొచ్చింది ఆ సాయంత్రం చూడటమే. పొద్దున గొప్పగా అనిపించి రాసుకున్న వచనం సాయంత్రానికి ఏ సంబంధమూ లేకుండా పోయిన రోజులే ఎక్కువ.

ఆడవాళ్ళకి ఒక మాట ముందే చెప్పాలి. ఈ గ్రంథంలో గయ్యాళి భార్య మాటిమాటికీ వస్తుంది. 19లో, 21లో రెండుసార్లు, 25లో, 27లో. జూలై 27న బయట ముసురు, మా వంటింటి కప్పు కారుతోంది, నేను గిన్నె పెడుతున్నాను. ముసురు రోజున ఎడతెగక కారే నీళ్ళూ గయ్యాళి భార్యా ఒకటేనన్న వచనం సరిగ్గా ఆ రోజే వచ్చింది. మా ఆయన దాన్ని గట్టిగా చదివి వినిపించి, రెండు రోజులు ఇంట్లో అందరికీ చెప్పుకున్నారు. నాలుగు రోజులాగి 31వ తేదీ వచ్చింది. గుణవతియైన భార్య అధ్యాయం. ఆవిడ చీకటితోనే లేస్తుంది, రాత్రివేళ ఆమె దీపం ఆరదు. ఇక పడుకునేది ఎప్పుడో ఎవరూ రాయలేదు. ఆమె భర్త మాత్రం ఊరి గవిని (ద్వారం) దగ్గర పెద్దలతో కూర్చుని ఉంటాడు. అది నేను చదివి వినిపించాను. పైగా ఈ 31వ అధ్యాయం ఏడాదిలో ఏడు నెలల్లోనే వస్తుంది. గయ్యాళి మాత్రం నెలనెలా తప్పదు.

ఆగస్టులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ల గొడవ. మెయింటెనెన్స్ లెక్కలు నేనే రాస్తాను. నేను రెండు ట్యాంకర్లు ఎక్కువ రాశానని పై అంతస్తు ఆయన అందరికీ కనిపించేలా మెసేజ్ పెట్టాడు. ఆ రోజు 18వ తేదీ. పొద్దున రాసుకున్న వచనం, సంగతి వినకముందు జవాబిచ్చేవాడు తన మూఢతను బయటపెట్టుకుని సిగ్గుపడతాడన్నది. నా జవాబు అప్పటికే సగం టైపు చేశాను, దాంట్లో ఆయన మూడు నెలలుగా కట్టని బాకీ గురించి కూడా ఉంది. అది చెరిపేసి, రసీదులు పట్టుకుని పైకి వెళ్ళాను. బోరు మోటారు కాలిపోయిన రోజున ఒకే తేదీతో మూడు ట్యాంకర్లు వచ్చాయి. ఆయన ఆ వారం ఊళ్ళో లేడు. రసీదులు చూసి "సరేనమ్మా" అన్నాడు. గ్రూపులో పెట్టిన మెసేజ్ మాత్రం దిద్దలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. నాకు ఇప్పటికీ మంటే.

ఇవన్నీ చిన్న విషయాలు. అసలు సంగతి సెప్టెంబరులో వచ్చింది.

12వ తేదీ సాయంత్రం మా మరిది వచ్చాడు. ఉప్పల్‌లో జిరాక్స్, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు అతనిది. ఒక చిట్‌ఫండ్ కంపెనీలో పది లక్షల చీటీ, నలభై నెలలు, నెలకి ఇరవై ఐదు వేలు. జనవరిలో మొదలైంది, అది తొమ్మిదో నెల. రెండు రోజుల ముందు పాటలో పాడుకున్నాడు. తగ్గింపు పోను చేతికి 7,20,000 వస్తుంది, దాంతో కొత్త మెషీన్ కొనాలని. డబ్బు చేతికి రావాలంటే జామీనులు కావాలి, అందులో ప్రభుత్వ ఉద్యోగులు ఉండాలి. "వదినా, నీ జీతం సర్టిఫికెట్, పే స్లిప్పులు, ఆధార్, పాన్ ఇస్తే చాలు. సంతకానికి వాళ్ళే మీ ఆఫీసుకి వస్తారు" అన్నాడు, టీ తాగుతూ, పంచదార అప్పు అడిగినంత మామూలుగా.

నేను కాదనలేకపోయాను, సరేననీ అనలేకపోయాను. "కొంచెం టైమివ్వు" అన్నాను. అతని ముఖంలో రంగు మారింది. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని అతను అనుకోలేదు. నిజానికి నేనూ అనుకోలేదు. రెండు నెలల ముందైతే ఆ టీ గ్లాసు కింద పెట్టేలోపు సరే అనేదాన్ని.

అతను వెళ్ళాక మా ఆయన వైపు చూశాను. "నీ జీతం, నీ సంతకం. వాడు నా తమ్ముడు. నేనేం చెప్పను" అని టీవీ పెట్టారు. అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ రాత్రి బైబిలు తీసి జామీను మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతికాను. 6, 11, 17, 20, 22, 27. ఆరు అధ్యాయాల్లో, అంటే నెలకి ఆరుసార్లు నా కళ్ళ ముందు నుంచి వెళ్తోంది. ముందురోజే 11వ అధ్యాయం చదివాను. డైరీ తీసి చూస్తే ఆ రోజు నేను రాసుకున్నది వేరే వచనం, వెదజల్లి అభివృద్ధి పొందేవారున్నారన్నది. జామీను వచనం మీద కన్ను ఆగనేలేదు. అవసరం పడితే తప్ప కంటికి ఆనవు కొన్ని.

ఆరో అధ్యాయంలో మాట చాలా ఘాటుగా ఉంటుంది. ఇరుక్కున్నావా, కంటికి నిద్ర రానివ్వకు, వేటగాడి చేతి నుంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. ఇంత స్పష్టంగా ఉంటే ఇక ఆలోచన ఎందుకు అనిపించింది. నిజం చెప్పాలంటే హాయిగా కూడా అనిపించింది. కాదనడానికి వాక్యమే దొరికింది కదా! ఆ హాయి రెండు రోజులు కూడా లేదు.

13న ఆఫీసులో మా సూపరింటెండెంట్‌గారితో మాట్లాడాను. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఒకప్పుడు తోడల్లుడి చీటీకి జామీను ఉండి దెబ్బతిన్నారు. ఆయన చెప్పింది వాక్యం కాదు, లెక్క. "1872 కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ఒకసారి చదువుకోమ్మా. జామీనుదారు బాధ్యత అప్పుదారుతో సమానం. ముందు అతన్ని అడిగి, రాకపోతేనే నీ దగ్గరికి రావాలన్న రూలు లేదు. చీటీల రిజిస్ట్రార్ దగ్గర కేసు వేస్తారు, అవార్డు అంటే తీర్పు తెచ్చుకుంటారు, జీతం అటాచ్‌మెంట్‌కి, అంటే జప్తుకి వస్తుంది. మొదటి వెయ్యి వదిలి మిగిలినదాంట్లో మూడో వంతు దాకా పట్టుకోవచ్చు." అది విని సీటుకొచ్చి కాలిక్యులేటర్ తీశాను. ఇంకా 31 నెలలు, నెలకి ఇరవై ఐదు వేల చొప్పున 7,75,000. డివిడెండ్, అంటే పాట తగ్గింపులో సభ్యులకి పంచే వాటా, పోను కొంత తగ్గుతుంది గానీ, కట్టడం తప్పినవాళ్ళకి ఆ డివిడెండ్ కూడా పోతుందని ఆయనే అన్నారు. నాకు చేతికొచ్చే జీతం 68,000. ఇంటి లోను 24,000. బాబు ఫీజు వేరే.

14వ తేదీ పొద్దున మరిది దగ్గర నుంచి వాట్సాప్ వచ్చింది. గులాబీ పూల బొమ్మ మీద అందంగా అచ్చువేసిన వచనం, సామెతలు 3:27. "మేలుచేయుట నీ చేతనైనప్పుడు దాని పొందదగినవారికి చేయకుండ వెనుకతియ్యకుము." ఇంకో మాట లేదు, గుడ్ మార్నింగ్ కూడా లేదు. అతను ఒకప్పుడు మా చర్చి యూత్ లీడర్. నాకు తెలిసిన వచనాలన్నీ అతనికీ తెలుసు.

ఒళ్ళు మండింది. జవాబుగా 17:18 పంపుదామనుకున్నాను, తెలివిలేనివాడే జామీను ఉంటాడన్నది. మా ఆయన భుజం మీదుగా చూసి "ఇద్దరూ కలిసి దేవుణ్ణి వకీలుని చేసేశారు" అన్నారు. పంపలేదు. పైగా అతని మెసేజ్‌లో తప్పేముంది? అదీ ఆ పుస్తకంలోదే. వెతికితే అతని వైపు కూడా బోలెడున్నాయి. బీదలను కనికరించేవాడు యెహోవాకే అప్పిచ్చినట్టు, 19లో. దుర్దశలోనే సహోదరుడు తెలుస్తాడని 17:17లో. నేను పంపబోయిన 17:18కి సరిగ్గా పై వచనం అది. ఇవి రెండూ పక్కపక్కనే ఉంటే మనిషి ఏం చేయాలి?

15 ఆదివారం. ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారిని పట్టుకున్నాను. ఆలోచన చెప్పేవాళ్ళు లేనిచోట ఉద్దేశాలు చెడతాయని 15లో ఆ పొద్దునే చదివాను, అది కూడా ఒక ధైర్యం. విషయమంతా విన్నాక ఆయన అడిగింది ఇది: "యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం పూటపడ్డాడు కదా, అంటే జామీను ఉన్నాడు. అది తెలివితక్కువతనమా?" నా దగ్గర జవాబు లేదు. ఆయనే అన్నారు, "ఆదికాండం 43లో మాటిచ్చాడు. 44లో ఆ మాట మీదికి వచ్చింది. అప్పుడు తమ్ముణ్ణి వదిలేయండి, వాడికి బదులు నేను బానిసగా ఉంటానన్నాడు. మాటిచ్చేటప్పుడే అంతా తన మీద వేసుకున్నాడు. నువ్వు 22వ అధ్యాయం 27వ వచనం చూడు. చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోగా నీ కింద పరుపు ఎందుకు పోగొట్టుకుంటావు అంటున్నాడు. ఉన్నవాడి సంగతి వేరు. నీ దగ్గరుందా? రేపు అతను ఒక్క రూపాయి కట్టకపోయినా, అతని మీద పగ పెట్టుకోకుండా మొత్తం నువ్వు కట్టగలవా? కట్టగలనంటే సంతకం పెట్టేయమ్మా, ఇక వచనాలు వెతక్కు."

కట్టలేను. ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబుంది. అప్పటిదాకా నేను అడుగుతున్నవి వేరే ప్రశ్నలు. అతను నమ్మదగినవాడా, షాపు నడుస్తుందా, అత్తయ్య ఏమనుకుంటుంది, తోడికోడలు ఏమనుకుంటుంది. ఇంటికొస్తూ మాస్టారి ప్రశ్నని తిప్పి వేసుకున్నాను: పగ లేకుండా ఎంత పోగొట్టుకోగలను? లక్షన్నర. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నది, తిరిగి రాకపోయినా బాబు ఫీజు ఆగదు.

17న గణేశ్ నిమజ్జనం సెలవు. పొద్దున్నుంచీ రోడ్డు మీద డప్పులు, ట్రాఫిక్ బంద్, ఎవరూ ఎక్కడికీ కదిలేది లేదు. 17వ అధ్యాయం తీసి ఆ రెండు వచనాలూ మళ్ళీ చదివాను. ఈసారి మా ఆయన్ని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. తర్వాత "లక్షన్నర ఇస్తానని చెప్పేటప్పుడు నేను పక్కనే ఉంటాను" అన్నారు. నాకు కావలసింది అంతే.

18న మరిదిని ఇంటికి పిలిచాం. ఆ పొద్దున అధ్యాయంలో ఇంకో వచనం ఉంది: నొచ్చుకున్న సహోదరుణ్ణి మళ్ళీ దక్కించుకోవడం బలమైన పట్టణాన్ని పట్టుకోవడం కంటే కష్టం. అది చదివి కూడా చెప్పాల్సి వచ్చింది. కడుపులో తిప్పినట్టుంది రోజంతా. సంతకం పెట్టలేనని, లక్షన్నర నేరుగా ఇస్తానని, దానికి కాగితం అక్కర్లేదని చెప్పాను. అతను నా వైపు చూడలేదు. వాళ్ళన్నవైపు చూసి, నాతో అన్నాడు: "వారం ఆలోచించి లేదని చెప్పడానికి నీకు బైబిలు కావాల్సొచ్చిందా వదినా?"

లక్షన్నర తీసుకోలేదు. టీ కూడా తాగలేదు.

26వ తేదీన తోడికోడలు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. దాంట్లో నా ప్రభుత్వ ఉద్యోగం, నా పొగరు, మా పెళ్ళినాటి సంగతులు అన్నీ వచ్చాయి. 26వ అధ్యాయంలో నాలుగు, ఐదు వచనాలు తెలిసినవాళ్ళకి తెలుసు. మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబియ్యకు అంటుంది మొదటిది. ఇయ్యి అంటుంది రెండోది. ఇంతకుముందు ఇది చూసి నవ్వుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, ఏ పూట ఏది చేయాలో పుస్తకం చెప్పదని, అది నా మీదే వదిలేసిందని అర్థమై కొంచెం కోపమే వచ్చింది. ఆమె మూర్ఖురాలేం కాదు, భయపడుతోంది. అంత పెద్ద మెషీన్‌కి అడ్వాన్స్ ఇచ్చేసి ఉన్నారని ఫోన్ చివర్లో తెలిసింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే మంచిదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

జామీను వాళ్ళకి దొరికింది. తోడికోడలి అన్న గవర్నమెంటు టీచరు, ఆయన పెట్టారు. ఇంకొకరెవరో కూడా. అక్టోబరు మొదటి వారంలో డబ్బు వచ్చింది, మెషీన్ వచ్చింది. ప్రారంభ ప్రార్థనకి మమ్మల్ని పిలవలేదు. మా ఆయన ఆ రోజు పనిమీద బయటికెళ్తున్నానని చెప్పి ఉప్పల్ వైపు వెళ్ళి, షాపు ఎదురుగా బండి ఆపి చూసి వచ్చారు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత చెప్పారు. క్రిస్మస్‌కి మరిది అత్తయ్య కోసం వచ్చి, బిర్యానీ తిని, నాతో "వస్తాను" అని ఒక్క మాట అని వెళ్ళాడు.

ఆ నెలల్లో చదువు బాగా మందగించింది. చదవాలంటేనే చిరాకు. డైరీలో అక్టోబరు, నవంబరు పేజీలు చాలా ఖాళీ. మళ్ళీ జనవరిలో దారిలో పడ్డాను, ఫిబ్రవరిలో 28తోనే ఆగిపోతే ఏదో సెలవు దొరికినట్టు సంతోషించాను కూడా. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరితో పాటు నేనూ వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక వచనం రాసి ఉండే కార్డు, తీసుకున్నాను. చాలా మంచి వచనం వచ్చింది. కానీ కార్డు తీసేటప్పుడు ఒకప్పుడు ఉండే ఆత్రం లేదు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టి దేవుడు ఏం చెప్పాడో చూసుకునే అలవాటు మా అమ్మ దగ్గర నుంచి నాకు వచ్చింది. అది మాత్రం పూర్తిగా పోయింది.

2025 జూన్‌లో మరిది ఫోన్ చేశాడు. అంతకుముందు అవసరమైతే వాళ్ళన్నకే చేసేవాడు. "వదినా, జీఎస్టీ నోటీసు వచ్చింది. కొంచెం చూస్తావా?" అన్నాడు. సాయంత్రం బిల్లు పుస్తకాలన్నీ ఒక సంచీలో వేసుకుని వచ్చాడు. కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు కలిసిపోయి ఉన్నాయి. నోటీసు పెద్దదేం కాదు, ఒక నెల రిటర్న్‌లో అంకె తేడా. దాన్ని సరిచేస్తూ లెక్కలన్నీ చూశాను. షాపు బాగానే నడుస్తోంది. చీటీ ఒక్క నెల కూడా తప్పలేదు. ఇది రాస్తున్న నవంబరు దాకా తప్పలేదు. ఇంకా 2027 ఏప్రిల్ దాకా ఉంది.

"కట్టేవాడే కదా, సంతకం పెట్టినా ఏమయ్యేది కాదుగా?" అని మా ఆయన ఒకసారి అన్నారు. నిజమే, ఏమయ్యేది కాదు. కానీ నేను లెక్కపెట్టింది అతని నిజాయితీని కాదు, నా జేబుని. రేపు ఇంకొకరు వచ్చి అడిగినా అదే లెక్క వేస్తాను, అదే చెప్తాను. బహుశా వారం తీసుకోను. మరుసటి రోజే చెప్తాను. ఆ మధ్య రోజుల్లో అతను ఆశ పెట్టుకుని ఉన్నాడన్నది నన్ను ఇంకా బాధపెడుతుంది.

ఇప్పుడు నెలకోసారి మరిది లెక్కలు నేను చూస్తున్నాను. 27వ అధ్యాయంలో నీ మందల స్థితి జాగ్రత్తగా తెలుసుకో అన్న మాట అతనికి పంపుదామని చేయి దురద పెడుతుంది గానీ పంపను. పూల బొమ్మల వచనాలు మా ఇద్దరి మధ్య ఆగిపోయాయి. తోడికోడలు ఇంకా ముభావంగానే ఉంటుంది.

మొన్న కూడికలో వచ్చే ఏడాది ఏం చదవాలన్న మాట వచ్చింది. హెడ్‌మాస్టరుగారు యోబు గ్రంథం చదవమన్నారట. యోబు స్నేహితులు ముగ్గురూ సామెతల్లాంటి మంచి మాటలే చెప్తారు, చివరికి దేవుడు వాళ్ళ మీదే కోపపడతాడు, సామెతలు చదివినవాళ్ళు అది తప్పక చదవాలి అన్నారట. యోబుకి 42 అధ్యాయాలు, తేదీ లెక్క కుదరదు. వారానికి ఒకటి చొప్పున అయితే అక్టోబరు దాకా పడుతుంది. రోజుకి సగం చొప్పున చదువుదామని కొందరు, ముందు సామెతలే ఇంకో ఆరు నెలలు కొనసాగిద్దామని కొందరు. పాస్టరమ్మగారు డిసెంబరు కూడికలో తేలుద్దామన్నారు.